కాప్రీలో కాపురము

మధ్యధరా సముద్రమునందలి ద్వీపములలో ఏదో యొకదానియందు చిన్న తెల్లని యిల్లు కట్టుకొని, ద్రాక్షపందిరి క్రింద కూర్చుండి, ఎదుట పరచుకొనియున్న నీలజలధిని చూచుచు శేషజీవితమును గడపవలెనను కోరిక ఐరోపా ఉత్తరదేశముల వారికి నిన్న మొన్న పుట్టినది కాదు. పొగమంచునకును, కర్మాగారముల మసికిని, ఆరుమాసముల చలికిని విసిగిన జర్మనులు, ఆంగ్లేయులు, రష్యనులు, స్వీడను దేశీయులు రెండు శతాబ్దములుగా ఈ కోరికను తండ్రి యాస్తివలె ఒక తరమునుండి మరియొక తరమునకు అందించుకొనుచు వచ్చిరి. వారికి పదునెనిమిది వందల యేండ్లకు పూర్వమే రోమక చక్రవర్తులు ఇదే కోరికతో ఇదే సముద్రమును దాటిరి. ఆ కోరిక కథను ఒక్కచోట నిలిచి పరిశీలింపదలచిన వానికి, నేపుల్సు అఖాతపు దక్షిణద్వారమున కావలివానివలె నిలిచియున్న కాప్రీ ద్వీపము కంటె తగిన స్థలము మరియొకటి లేదు.

కాప్రీ అనగా పది చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన ఒక సున్నపురాతి గుట్ట. సొరెంటో ద్వీపకల్పపు కొననుండి దానికి దూరము ఐదు కిలోమీటర్లు మాత్రమే. తూర్పున దిగువగా కాప్రీ పట్టణము, పడమట ఎత్తున అనాకాప్రీ గ్రామము. రెంటిపైన 589 మీటర్ల సొలారో శిఖరము. ఇందు నది లేదు, ఏరు లేదు, చెప్పుకొనదగిన ఊట లేదు. ఆకాశమునుండి పడిన వాననీరే ప్రాణాధారము. తీరము చాలవరకు నిట్టనిలువు కొండచరియ. పడవ దిగుటకు అనువైన రేవులు రెండే రెండు. ఇటువంటి రాతిమీదికి చక్రవర్తులును, వైద్యులును, విప్లవకారులును, కవులును ఎట్లు వచ్చి చేరిరో విపులముగా వ్రాసిన గ్రంథములు కలవు. వచ్చినవారిని నిలువనిచ్చిన నీటి చరిత్రయు, వారి పెట్టెలు పైకెక్కిన మెట్ల చరిత్రయు ఆ గ్రంథములలో అక్కడక్కడ ఒక వాక్యముగా మాత్రమే కనబడును. నాకు ఆ వాక్యములే ముఖ్యముగా తోచుచున్నవి.

క్రీ.పూ. 29వ సంవత్సరమున తూర్పుదేశముల జయించి మరలివచ్చుచు, తరువాత ఆగస్టసు అను బిరుదముతో చక్రవర్తియైన ఆక్టేవియను ఈ ద్వీపమున దిగినపుడు, వాడి నేలకు వాలిన ఒక ముదుసలి సిందూరవృక్షము తిరిగి చిగిర్చెనని స్యూటోనియసు వ్రాసినాడు. ఆ శకునమునకు ఉప్పొంగిన ఆక్టేవియను, నేపుల్సు పౌరుల వశమందున్న కాప్రీని తాను పుచ్చుకొని, దానికి బదులుగా ఇస్కియా ద్వీపమును వారికిచ్చివేసెను. ఇస్కియా కాప్రీకి నాలుగింతలకు పైబడిన వైశాల్యము కలది. సారవంతమైన నేలయు, వేడినీటి బుగ్గలును కలది. ఆదాయము లెక్కించువాడెవడును అంగీకరింపని మారకమిది. ద్వీపమునకు లొంగిపోయిన మనస్సు ఎట్టి బేరము చేయునో చెప్పుటకు దీనిని మించిన దృష్టాంతము చరిత్రలో దొరకదు. ఆ చక్రవర్తి తన భవనమును శిల్పములతో గాక, రాక్షసుల యెముకలని జనులు చెప్పుకొను మహాస్థులతో అలంకరించుకొనెనట. ఇరువదవ శతాబ్ది మొదట ఒక పెద్ద హోటలును విస్తరించుటకు పునాదులు త్రవ్వినపుడు, అంతరించిపోయిన ఏనుగుల, ఖడ్గమృగముల యెముకలు అచ్చట బయల్పడగా, ఇగ్నాజియో చేరియో అను స్థానిక వైద్యుడు వానిని భద్రపరచెను. కాప్రీ ఒకప్పుడు ద్వీపమే కాదనియు, ప్రధానభూమితో కలిసియుండెననియు ఆ యెముకలు తెలుపుచున్నవి.

ఆగస్టసు వచ్చి పోవుచుండెడివాడు. అతని వారసుడైన టైబీరియసు వచ్చి నిలిచిపోయెను. క్రీ.శ. 26లో రోము నగరమును విడిచి, మరుసటి యేట కాప్రీ చేరి, 37లో మరణించువరకు ఆ చక్రవర్తి తిరిగి నగరద్వారమున కాలిడలేదు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదికి చేరువ. మన పురాణములలోని రాజులు వార్ధకమున రాజ్యమును కుమారులకప్పగించి వనములకేగిరి. టైబీరియసు వనమునకేగెనే గాని రాజ్యము నప్పగింపలేదు, దానిని వెంట తీసికొనిపోయెను. పండ్రెండు భవనములు ఆయన నివాసములయ్యెను. శాసనసభకు ఉత్తరువులు లేఖలుగా పోవుచుండెను, క్రీ.శ. 31లో సర్వాధికారివలె మెలగుచున్న సెజానసు ఒక్కదినమున పతనమై ప్రాణము గోల్పోవుటకు కారణమైన దీర్ఘలేఖ కాప్రీనుండి వచ్చినదే. కావలివానికి తెలియకుండ ఒక్క దోనెయైనను ఒడ్డు చేరలేకపోవుటయే ఆయనను ఆకర్షించిన గుణమని టాసిటసు అభిప్రాయము.

ఈ కావలికి సంబంధించి స్యూటోనియసు చెప్పిన వృత్తాంత మొకటి నన్ను విడువకున్నది. చక్రవర్తి ద్వీపమునకు వచ్చిన కొలదిదినములకే, ఒక జాలరి తనకు దొరికిన పెద్ద చేపను కానుకగా సమర్పింపవలెనను ముచ్చటతో, దారిలేని వెనుకటి కొండచరియను ప్రాకి హఠాత్తుగా ఆయన ఏకాంతమున ఎదుట నిలిచెను. భయపడిన చక్రవర్తి అదే చేపతో ఆ పేదవాని ముఖమును రుద్దించెను. తాను పట్టిన పెద్ద పీతను కూడ తేకపోవుట మేలైనదని ఆ జాలరి నొప్పిలో నోరుజారగా, పీతను తెప్పించి దానితోను ముఖమును చీరించెను. స్యూటోనియసు ఎనుబదియేండ్ల తరువాత వ్రాసినవాడు. టైబీరియసుపై ద్వేషముగల వర్గముల మాటలను ఏరుకొన్నవాడు. ఆయన వర్ణించిన దుర్వ్యసనములను పండితులలో పెక్కురు నమ్మరు. నేనును నమ్మను. కాని ఈ జాలరి కథలో నమ్మదగిన దొకటి కలదు: ఏకాంతమును కోరి వచ్చినవాని దృష్టిలో, అచ్చటనే పుట్టి పెరిగినవాడు పరాయివాడగును.

ఆ పండ్రెండు భవనములలో మిగుల గొప్పదైన విల్లా జోవిసు శిథిలములు ద్వీపపు తూర్పుకొనను, మూడువందల మీటర్లకు పైబడిన యెత్తున నేటికిని నిలిచియున్నవి. 1932 మొదలుకొని అమెదియో మయూరి అను పురాతత్త్వవేత్త వానిని త్రవ్వి వెలికితీసెను. చూడబోవువాడు సింహాసనశాల కొఱకు వెదకును. కాని కట్టడమునకు నడిబొడ్డున కనబడునవి కమానులతో కప్పబడిన అపారమైన నీటితొట్లు. మండపములు, స్నానశాలలు, నివాసపు గదులు ఆ తొట్లచుట్టును అల్లుకొనియున్నవి. భూమండలములో సగమును ఏలిన చక్రవర్తి, శిఖరమున స్నానము చేయుటకు పైకప్పులపై పడిన ప్రతి వానచినుకును దాచుకొనవలసివచ్చెను. ఆ రాతిని తొలిచినవారి పేరు ఒక్కటియు మిగులలేదు.

రోము పతనమైన పిదప ద్వీపమునకు ఎవరును ఇష్టపడి రాలేదు. వచ్చినవారు దోచుకొనుటకే వచ్చిరి. సముద్రపు దొంగల బాధ పడలేక జనులు తీరమును వదలి కొండపైకి చేరిరి. 1371లో నేపుల్సు రాణి జోవన్నా కార్యదర్శియైన జాకొమో అర్కూచ్చి కార్తూసియను సన్న్యాసులకు ఒక మఠమును కట్టించెను. 1535లో టర్కీ నౌకాధిపతి బార్బరోసా దండెత్తి విధ్వంసము చేసిన కోటకు నేటికిని అతని పేరే నిలిచినది. వసంతకాలమున ఆఫ్రికానుండి అలసి వచ్చి వ్రాలు పూరేడు పిట్టలను వలలొడ్డి పట్టి అమ్ముటయే ద్వీపమున రొక్కము దొరకు వ్యాపారములలో ముఖ్యము. ఆ యాదాయముతో బ్రతుకు బిషప్పును రోమునందలివారు పూరేళ్ల బిషప్పని పిలిచెడివారు. మగవారు పగడపు వేటకు వసంతమున ఆఫ్రికా తీరమునకు పడవలలో వెడలి, శరత్తున తిరిగివచ్చెడివారు, తిరిగిరానివారును కలరు. 1806లో ఆంగ్లేయులు పట్టుకొన్న ఈ ద్వీపమున వారి సేనకు నాయకుడైన హడ్సను లో, రెండేండ్లకు ఫ్రెంచివారు అనాకాప్రీ చరియలనెక్కి వచ్చి ముట్టడింపగా లొంగిపోయి వెడలిపోయెను. తరువాత సెయింటు హెలినా ద్వీపమున నెపోలియనును కావలికాచిన అధికారి ఇతడే.

1826వ సంవత్సరము ఆగస్టు మాసమున ఆగస్టు కోపిషు అను జర్మను కవి, చిత్రకారుడు, తన మిత్రుడు ఎర్నెస్టు ఫ్రీసుతో కాప్రీకి వచ్చి, జ్యూసెప్పె పగానో అను నోటరీ యింట బసచేసెను. ద్వీపపు వాయవ్యతీరమున దయ్యములు కాపురముండునని జాలరులు భయపడు ఒక గుహ కలదని గృహస్థు చెప్పగా, ఆంజెలో ఫెరారో అను పడవవానిని తోడుచేసికొని వారు ఈదుచు లోనికి ప్రవేశించిరి. గుహముఖము మీటరెత్తు మాత్రమే. కెరటము లేచినపుడు పడవలోనివాడు వెల్లకిల పండుకొన్నగాని లోనికి పోలేడు. సూర్యకాంతి నీటి యడుగుననున్న మరియొక రంధ్రముగుండ ప్రవేశించి, ఎఱుపును జలమునకు వదలి, నీలమును మాత్రము లోనికి తెచ్చును. కావున లోపల నీరు తానే వెలుగుచున్నట్లుండును, అందు ముంచిన చేయి వెండివలె మెఱయును. రోమకులకు ఆ గుహ తెలియును, వారి శిల్పములు దాని యడుగున దొరకినవి, జాలరులకును తెలియును. కాని జర్మను భాషలో అచ్చయిన పిదపనే అది కనుగొనబడినదని లోకము నమ్మినది. 1835లో డేనిషు రచయిత ఆండర్సను తన నవలలో దానిని వర్ణించెను. 1838లో కోపిషు స్వయముగా వృత్తాంతమును ప్రకటించెను. పగానో యిల్లు హోటలయ్యెను. చిత్రకారులు డబ్బునకు బదులు గోడలపై చిత్రములు వ్రాసిపోవుచుండిరి. 1845లో జార్జి సిడ్నీ క్లార్కు అను ఆంగ్లవైద్యుడు రోగుల విశ్రాంతికై కట్టించిన భవనము, పిమ్మట క్విసిసానా అను ప్రసిద్ధమైన హోటలుగా మారెను. క్షయరోగమునకు దక్షిణదేశపు గాలియే మందని వైద్యులు చెప్పుచున్న కాలమది.

ఈ వచ్చినవారందరు ఎట్లు పైకెక్కిరి? కాప్రీ రేవునుండి అనాకాప్రీకి రాతిలో తొలిచిన మెట్లదారి యొక్కటియే యుండెను. ఫినీషియను మెట్లని పేరుగాని, గ్రీకుల కాలమునాటివని పండితుల మతము. అవి తొమ్మిదివందల పైచిలుకు. 1877లో బండిబాట పూర్తియగువరకు అనాకాప్రీలోని ప్రతి గోధుమబస్తాయు, ప్రతి పీపాయు, ప్రతి కిటికీ తలుపును, యాత్రికుని ప్రతి తోలుపెట్టెయు ఆ మెట్లమీదుగానే పైకి వచ్చినవి. వానిని మోసినవారు చాలవరకు స్త్రీలు. మగవారు పగడపు పడవలలో దూరదేశములకు పోయియుండగా, ఇంటనున్న యువతులు తలపై చుట్టకుదురు పెట్టుకొని, దానిపై సున్నపురాళ్లో, నీటికుండలో ఉంచుకొని, చేతితో పట్టుకొనకుండ, తరచు వట్టికాళ్లతో, దినమునకు పెక్కుమార్లు ఎక్కి దిగుచుండిరి. వేసవిలో తొట్లు అడుగంటినపుడు తీరమందలి చిన్న ఊటనుండి నీరు మోయుటయు వారి పనియే. చూచిన చిత్రకారులు ఆ నడకలోని ఠీవికి ముగ్ధులై, గ్రీకు దేవతావిగ్రహములు జీవము దాల్చినవని వ్రాసికొనిరి. మెడపై మణుగుల బరువుంచుకొని మెట్టుదిగువాడు నిటారుగా నడువకున్న పడిపోవును. ఆ ఠీవి బరువునేర్పిన విద్య. చిత్రములలో విద్య మిగిలినది, బరువు మిగులలేదు.

వారిలో ఒకతె పేరు మాత్రము లోకమున నిలిచినది. 1878లో అమెరికను చిత్రకారుడు జాన్ సింగరు సార్జెంటు ద్వీపమునకు వచ్చి, రొసీనా ఫెరారా అను అనాకాప్రీ యువతిని అనేక చిత్రములలో వ్రాసెను. ఇంటికప్పుపై ఆమె తారంతెల్లా నృత్యమాడుచున్న చిత్రము వానిలో ప్రసిద్ధము. 1891లో ఆమె మరియొక అమెరికను చిత్రకారుడైన జార్జి బార్సును వివాహమాడి, న్యూయార్కు ప్రాంతమునకు తరలిపోయి, 1934లో అచ్చటనే మరణించెను. మంచునుండి తప్పించుకొనుటకు ఉత్తరదేశములవారు కాప్రీకి వచ్చుచుండగా, కాప్రీ పిల్ల మంచుదేశమున కాపురము చేసెను. ఆమె యొక్కతెయే కాదు; ఆ దశాబ్దములలో దక్షిణ ఇటలీ అంతయు ఓడలెక్కి అమెరికా ఖండములకు పోవుచుండెను. ఒకే నేపుల్సు రేవున ఆకలి బయలుదేరుచుండెను, విశ్రాంతి దిగుచుండెను.

కాప్రీ కాపురమును ఆశయముగా లోకమునకు బోధించినవాడు ఆక్సెలు మున్తె అను స్వీడను వైద్యుడు. విద్యార్థిదశలోనే ద్వీపమును చూచి మోహితుడై, 1884లో నేపుల్సులో కలరా ప్రబలినపుడు రోగులకు సేవచేసి, పారిసు, రోము నగరములలో ధనికులకు వైద్యముచేసి ఆర్జించిన ద్రవ్యముతో, అనాకాప్రీ కొండయంచున శిథిలమైన సాన్ మికేలె ఆలయస్థలమును కొని, 1890లలో తన సౌధమును నిర్మించుకొనెను. ద్రాక్షతోటలో పారకు తగిలిన రోమక పాలరాతిముక్కలను ఆయన గోడలలో పొదిగించెను. 1929లో వెలువడిన ఆయన ఆత్మకథాప్రాయమైన గ్రంథము అనేక భాషలలోనికి పోయి, చదివినవారిని వేలకొలదిగా ద్వీపమునకు నడిపించినది. వెలుగుకొఱకై తెఱపిగా కట్టుకొన్న ఆ యింట ఆయన నేత్రవ్యాధిచేత నిలువలేక, నీడగల పాత బురుజులోనికి మారవలసివచ్చినది. అయినను మున్తెను నేను గౌరవించునది సౌధమునకు కాదు. పూరేళ్లను ఆకర్షించుటకు ఎఱ్ఱగా కాల్చిన సూదులతో కన్నులు పొడిచిన పిట్టలను పంజరములలో నుంచి పాడించు క్రూరాచారమును చూచి సహింపలేక, ఆయన బార్బరోసా కొండనే కొని పక్షులకు అభయస్థలము గావించెను. వచ్చి చేరిన పరదేశీయులలో ద్వీపమునకు ఏదో యొకటి తిరిగి యిచ్చినవారు కొలదిమంది. జర్మను ఉక్కుకర్మాగారాధిపతి ఫ్రీడ్రిఖ్ క్రుప్పు కొండచరియపై మెలికలుగా చెక్కించిన బాట మరియొక దానము. అది పూర్తియైన 1902లోనే ఆయన మరణించెను.

తెలుగు పాఠకునకు కాప్రీతో గల బంధువు రష్యను రచయిత గోర్కీ. 1905నాటి రష్యా విప్లవము అణగిన పిదప స్వదేశమున నిలువనీడలేక, క్షయతో బాధపడుచు, 1906 శరత్తున ఆయన ఈ ద్వీపమున దిగి, 1913వరకు ఏడేండ్లు ఇందు కాపురముండెను. క్రొవ్విడి లింగరాజుగారి అనువాదమున మన పల్లెలకు చేరిన ‘అమ్మ’ నవల అమెరికాలో ఆరంభమై ఈ ద్వీపముననే ముగిసినది; అందలి తల్లియైన నీలావ్‌నాను మనవారు ఇంటి మనిషిగా భావించిన కాలమున, ఆమె కథకు తుదిపంక్తులు ఏ సముద్రపుటొడ్డున వ్రాయబడినవో చాలమందికి తెలియదు. ఆయన ఇంటితలుపు మూయబడినదే లేదు. రచయిత బూనిను వచ్చెను, గాయకుడు షల్యాపిను వచ్చి జాలరులకు పాటలు పాడెను. 1909లో రష్యానుండి రహస్యముగా వచ్చిన కొందరు కార్మికులకు విప్లవకారులైన బొగ్దానోవు, లునచార్‌స్కీలతో కలిసి గోర్కీ పాఠశాల నడిపెను. 1908లోను, 1910లోను లెనిను అతిథిగా వచ్చెను. గాలము కఱ్ఱ లేకుండ దారమును వ్రేలికి చుట్టుకొని చేపపట్టు విద్యను జాలరులు ఆయనకు నేర్పుచు, దారము ద్రిన్ ద్రిన్ అని కదలినప్పుడు లాగవలెనని చెప్పిరట. చేప పడినంతనే ఆయన చిన్నపిల్లవానివలె ఆ శబ్దమునే కేకవేసెనట. నాటినుండి ఆయనకు ద్రిన్‌ద్రిన్ దొరగారని పేరుపెట్టి, వెళ్లిపోయిన తరువాతకూడ, జారు చక్రవర్తి పట్టుకొనలేదుగదా యని ఆ జాలరులు గోర్కీని అడుగుచుండిరి. టైబీరియసు ఎదుట చేపతో నిలిచిన జాలరి సంతతి వారే వీరు.

ఆ యింటి అతిథియైన బూనిను 1915లో ప్రకటించిన ‘శాన్‌ఫ్రాన్సిస్కోనుండి వచ్చిన పెద్దమనిషి’ అను కథలోని కీలకఘట్టము కాప్రీ హోటలులోనే నడచును. జన్మమంతయు ధనమార్జించి ఇప్పుడు సుఖపడుటకు వచ్చిన యాత్రికుడు భోజనమునకు ముందు హఠాత్తుగా మరణింపగా, ఇతర అతిథుల ఆకలి చెడకుండుటకు యజమాని ఆ శవమును సోడాసీసాల పెట్టెలో నుంచి తెల్లవారకమునుపే దిగువకు పంపివేయును. ద్వీపములో విశ్రాంతి పరిశ్రమగా మారిన సంగతిని ఇంత స్పష్టముగా మరి యెవరును చెప్పలేదు. 1907నాటికే రేవునుండి పట్టణమునకు ఇనుపత్రాటి రైలు నడుచుచుండెను. మోతగత్తెలకు మెట్లమీద పని తగ్గెను, హోటళ్లలో బట్టలుతుకు పని పెరిగెను.

ఇగ్నాజియో వైద్యుని కుమారుడు ఎడ్విను చేరియో వృత్తిరీత్యా ఇంజనీరు. 1920లో పురాధ్యక్షుడై, ద్వీపస్వరూపమును వికృతముచేయు కట్టడములను అడ్డుకొనుటకు పూనుకొని, 1922లో ప్రకృతిదృశ్యరక్షణకై ఒక మహాసభను జరిపెను. గోడ సున్నమువేసిన తెలుపుగా, కప్పు వాననీటిని తొట్టికి దించు గుమ్మటముగా నుండు స్థానిక గృహమే అందమైనదని ఆయన వాదము. మన కాలమువాడు ఈ మాటను సౌందర్యశాస్త్రముగా వినును. ఆ గుమ్మటము మొదట పుట్టినది దాహమునకు. 1952లో చిలీ విడిచి ప్రవాసమున నున్న కవి పాబ్లో నెరూదా తన ప్రియురాలు మతీల్దే ఉరూతియాతో వచ్చినపుడు, వసించుటకు ఇల్లిచ్చినవాడు ఈ చేరియోయే. ఆ వసంతమున పూర్తియైన ప్రేమగీతముల సంపుటిని నెరూదా తన పేరు లేకుండ నేపుల్సులో నలుబది నాలుగు ప్రతులు మాత్రమే అచ్చువేయించెను.

నీటి సంగతి మాత్రము తీరలేదు. తొట్లు చాలక, చిరకాలము ఓడలు ప్రధానభూమినుండి నీరు మోసితెచ్చుచుండెను. 1970ల చివరకు గాని సముద్రగర్భమున గొట్టము పడలేదు. నేడు వేసవిలో దినమునకు వేలకొలది యాత్రికులు దిగుచుందురు. ఇండ్ల వెలలు కూలివారికందని యెత్తునకు పోయినందున, హోటళ్లలో వండువారు, ఊడ్చువారు అనేకులు ప్రతి ఉదయము నేపుల్సు, సొరెంటోలనుండి ఓడలో వచ్చి సాయంకాలము మరలిపోవుచున్నారు. 2024 జూను 22వ తేదీన ప్రధానభూమివైపు గొట్టము చెడి నీరు రాకపోగా, పురాధ్యక్షుడు యాత్రికులు రేవున దిగరాదని ఉత్తరువుచేసెను; అప్పటికే బయలుదేరిన ఓడలు కొన్ని వెనుకకు మరలినవి. ద్వీపవాసులకు మాత్రము రాకపోకలకు అడ్డు లేకుండెను. వారు తమ వీధులలో నిలిచిన నీటిబండ్ల యొద్దకు పాత్రలు పట్టుకొని వచ్చిరి. నీరు తిరిగి రాగా ఆ దినముననే ఉత్తరువు రద్దయ్యెను.